సెలవుల చదువుకు మన దిక్కు పుస్తకాలు

డాలస్‌ల బడులు ఎండకాలం సెలవులు ఇచ్చేటప్పుడు పిల్లల చేతిల పుస్తకాల జాబితా ఒకటి పెడుతయి. మా పెద్దదానికి ఈసారి వచ్చినవన్నీ ఇంగ్లీషు క్లాసిక్కులే. మంచివే, చదవాల్సినవే. ఆ కాయితం కిందనే నేను ఇంకో జాబితా రాసిన. పాలమూరు, నల్లగొండ దిక్కు పుట్టిన పాత పుస్తకాలు, లేదంటే ఆ దిక్కు మనుషుల మాట వినపడే పుస్తకాలు. ఎట్లాగూ సెలవులకు నల్లగొండకు పోతం. మా నాయిన గొంతుల వినాలె, విన్నది మళ్ల తెలుగులనే చెప్పాలె. పెట్టుకున్న నియమం అంతే.

పిల్లలకు తెలుగు అక్షరాలు వస్తయి గని కూడబలుక్కుంటరు. అక్షరాలు బాగ వచ్చినంకనే పెద్ద పుస్తకాలు అని కూసుంటే వాళ్లు కాలేజీకి పోయేదాంక ఆ రోజు రాదు. చెవులు మాత్రం ఇప్పుడే తయారుగున్నయి. ఇంట్ల పొద్దుమూకులు మాట్లాడేది నల్లగొండ తెలుగే కద.

రంగనాథ రామాయణంతోని మొదలుపెట్టినం. పదమూడో శతాబ్దంల గోన బుద్ధారెడ్డి రాసింది. ద్విపద కాబట్టి రెండేసి పాదాలు పాట లెక్క సాగుతది, అర్థం కొంచెం ఆలస్యంగ అందినా పిల్లలు చెవి తిప్పరు. వారధి కట్టేకాడ ఉడుత ఇసుక దులిపే ముచ్చట వాల్మీకిల లేదు, దీంట్ల ఉన్నది. మా చిన్నోడు దాన్నే మళ్ల మళ్ల చదివించుకున్నడు. బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురం నాగర్‌కర్నూల్ దగ్గరి నందివడ్డెమానే అంటే నమ్మలే. దేవరకొండ మీదుగ కారుల తీస్కపోయినం. అక్కడ శనేశ్వరుని గుడి ముందట నిలబడి, "ఈడున్నాయన అంత పెద్ద పుస్తకం రాసిండా?" అని వాళ్ల తాతను అడిగిండు. యుద్ధకాండ దాంక తండ్రి రాస్తే ఉత్తరకాండ కొడుకులు రాసిండ్రని చెప్తే, వానికి అది ఇంకా నచ్చింది.

పెద్దదాన్ని పట్టుకున్నది సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు ఆయనది. తెలంగాణల కవులే లేరని ఒకరు రాస్తే, మాటకు మాట అనుకుంట కూసోలే. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. మా బిడ్డ క్లాసుల తెలుగు పిల్ల అదొక్కతే. నీ భాషల చదివేటందుకు ఏమున్నది అని అడిగినోళ్లకు దాని దగ్గర జవాబు లేకుండె. ఆ సంచికను ఒళ్లె పెట్టుకొని పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంట పోతుంటే నేను ఆపలే. ఆంధ్రుల సాంఘిక చరిత్ర కూడ ఆయనదే. సాహిత్య అకాడమీ అవార్డు మొదలైన 1955ల తెలుగుకు వచ్చింది దానికే. రాజుల ముచ్చట్లు తగ్గించి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలు ఆడిన్రు అని పాత కావ్యాలనుంచి ఏరి రాసిండు. మొత్తం చదవలే, పిల్లలకు అందే పేజీలే చదివినం. ఆటలకాడికి వచ్చేసరికి మా అమ్మ లేసిపోయి ఓమనగుంటల పీట దించింది, ఇగ ఆ పూట చదువు అక్కడికే ఆగింది.

చిల్లర దేవుళ్లు నవల రాసిన దాశరథి రంగాచార్యది మా దిక్కు కాదు, మానుకోట (మహబూబాబాద్) దిక్కు చిన్నగూడూరు. అయినా జాబితాల పెట్టిన, అండ్ల మనుషులు మాట్లాడేది మా ఇంటి మాట లెక్కనే ఉంటది గనుక. తెలుగు వాచకంల వాక్యం ఇస్తే తడబడే పిల్ల, నాయిన ఆ సంభాషణలు చదువుతుంటే ఒక్కసారి గూడ అర్థం అడగలే. దొరల ఇండ్లల దాసీలుగ ఉన్న ఆడబాపల సంగతి వచ్చినప్పుడు దాటేద్దామా అని నాయిన నా మొకం చూసిండు. చదువుమన్న. పదమూడేండ్ల పిల్లకు దొరల గడిల ఏం జరిగిందో తెలియాల్సిందే.

వెట్టికాడికి వచ్చినంక నాయిన పుస్తకం మూసి తొడ మీద పెట్టుకున్నడు. మా తాత కుమ్మరి. దొర ఇంట్ల పెండ్లయినా, అధికార్లు మకాం వచ్చినా కుండలు, కూజలు ఉత్తగనే ఇయ్యాలె, ఇచ్చినంక ఆడనే ఉండి నీళ్లు మొయ్యాలె. ఆవం ఎప్పుడూ కాలేది గని పండుగ పూట మా ఇంట్ల కొత్త కుండ ఉండకపోయేదట. ఇన్నేండ్లల నాయిన ఈ మాట నాకే చెప్పలే.

"వద్దనొచ్చు గద తాతా?" అన్నది మా బిడ్డ.

"వద్దనే మాట అప్పటికి ఎవ్వలకు రాకుండె బిడ్డా. సంఘం వచ్చినంక వచ్చింది."

సంఘం అంటే ఏంది, ఎవలు పెట్టిన్రు, మన ఊళ్లెకు ఎట్ల వచ్చింది అని ఆ రాత్రి అన్నం తినుకుంట గూడ అడిగింది. ఊళ్లల సంఘం అని పిలిచిన ఆంధ్ర మహాసభ నుంచి 1946ల కడవెండిల సంఘం నాయకుడు దొడ్డి కొమరయ్య చనిపోయిన దాంక నాయిన చెప్పుకొచ్చిండు. చరిత్ర పాఠంగ నేను చెప్తే అంత సేపు కూసునేది కాదు. వాళ్ల ముత్తాత కుండల నుంచి మొదలైంది కాబట్టి కూసున్నది.

అందుకే విదేశంల పిల్లలను పెంచే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. స్టేజి మీద అప్పజెప్పేటందుకు పద్యాలు బట్టీ పట్టిస్తం, అది చేయుండ్రి. దాంతోని పాటు మీ ఊరికి దగ్గరి పుస్తకం ఒకటి ఎతికి మీ అమ్మనాయినలతోని చదివించుండ్రి, వాళ్లు మధ్యల ఆపి చెప్పేదాన్ని గూడ చదువుల లెక్కేయుండ్రి. పుస్తకాలు దొరకయని భయం వద్దు. డిసెంబర్ల హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల పాతవి చానా కనపడతయి, స్కాన్ చేసినవి ఆర్కైవ్ సైట్‌ల ఉంటయి.

డాలస్ వచ్చినంక గూడ చదువు ఆపలే. మాకు శుక్రవారం రాత్రి, నాయినకు శనివారం పొద్దుగాల, వీడియో కాల్ పెడతం. ఇప్పుడు నడుస్తున్నది వట్టికోట ఆళ్వారుస్వామి నవల ప్రజల మనిషి. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారం ఆయనది, మాకు పక్కూరి మనిషే అన్నట్టు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి, చేతుల పట్టుకొని తిరిగి అమ్మిండు. దీని తరువాత ఆయనదే జైలు లోపల కథలు. మొదటి కథ తనే చదువుతా అంటున్నది మా బిడ్డ. నాయిన సరే అన్నడు గని ఒక షరతు పెట్టిండు. అది ఎక్కడన్న ఆగితే పక్కనుంచి నేను అందియ్యొద్దట, ఆయనే అందిస్తడట.