నోట్లో నాలుక లేని పిల్ల

చిన్నప్పటి నుంచీ నాకు మంచి పేరే. "మీ అమ్మాయికి నోట్లో నాలుకే లేదండీ, ఎంత నెమ్మదో!" అని చుట్టాలు అంటుంటే అమ్మ మురిసిపోయేది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని, సిగ్గు అనుకునేవాళ్లు. క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు, క్రమశిక్షణ అనుకునేవాళ్లు. ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో అయితే మరీ మేలు, అక్కడ మాట్లాడని పిల్లే మంచి పిల్ల. మార్కులు వస్తున్నప్పుడు ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? మగపిల్లాడైతే "ఏంట్రా, ఆ బిక్కమొహం?" అని ఎవరో ఒకరు కసిరేవాళ్లేమో. ఆడపిల్లని కాబట్టి నా జబ్బుని ఊరంతా కలిసి మెచ్చుకుంది.

సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురూ మనల్ని చూసి ఏమనుకుంటారో అని విపరీతంగా భయపడే జబ్బు, చాలామందికి 8 నుంచి 15 ఏళ్ల మధ్యే మొదలవుతుందట. నాకూ అంతే. కాకపోతే దానికి పేరుందని, మందుందని, మాటలతో చేసే వైద్యం ఉందని తెలిసేసరికి ఇరవై దాటాయి.

2020లో గుంటూరులో బీఫార్మసీలో చేరాను. మాది పొన్నూరు దగ్గర పల్లెటూరు. కరోనా కదా, మొదట్లో అన్నీ ఆన్‌లైన్ క్లాసులే. కెమెరా ఆఫ్, మైకు మ్యూట్. లోకమంతా అల్లాడిపోతుంటే నేను మాత్రం హాయిగా ఉన్నాను. కాలేజీ తెరిచాక మొహానికి మాస్కు అడ్డం ఉంది. అందరూ మాస్కులు తీసి అవతల పారేశాక కూడా డస్ట్ ఎలర్జీ అని చెప్పి నేను తీయలేదు.

హాస్టల్లో అసలు సంగతి బయటపడింది. మెస్‌లో నలుగురి ముందు తినలేకపోయేదాన్ని. చెయ్యి వణికి సాంబారు ఒలికితే చూస్తారని భయం. అందరూ తినేసి వెళ్లాక, చల్లారిన అన్నం అడుగూబొడుగూ పెట్టించుకుని తినేదాన్ని. షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అనడానికి గొంతు పెగిలేది కాదు. ఎవరో ఒకరు దిగేదాకా కూర్చుని, వాళ్ల వెనకే దిగి, హాస్టల్ దాకా వెనక్కి నడిచేదాన్ని. మే నెలలో గుంటూరు ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ నడకే నయం అనిపించేది. ఫోన్ మోగితే ఆగిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, ఆ తర్వాత "బిజీ, మెసేజ్ పెట్టు" అని వాట్సాప్ చేసేదాన్ని.

2023లో ఫార్మకాలజీ ప్రాక్టికల్ వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "పారాసెటమాల్ ఓవర్‌డోస్ అయితే విరుగుడు ఏంటమ్మా?" అని అడిగారు. ఎన్-అసిటైల్ సిస్టీన్. మా బ్యాచ్‌లో ఎవర్ని నిద్ర లేపి అడిగినా చెబుతారు. పుస్తకంలో ఆ లైను ఏ పేజీలో ఎక్కడుందో కూడా నాకు కనబడుతోంది. కానీ నోరు తెరిస్తే గొంతు వణుకుతుంది, వణికితే ఆయనకి తెలిసిపోతుంది, పక్కనున్న ల్యాబ్ మేడమ్‌కి తెలిసిపోతుంది, రేపటికి క్లాసంతా తెలిసిపోతుంది. గుండె దడదడలాడుతోంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ నిలబడ్డాను. "తప్పైనా పర్లేదు, ఏదో ఒకటి చెప్పు తల్లీ" అన్నారాయన. పాపం, మంచాయనే. నేను నేల చూపులు చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాతి ప్రాక్టికల్‌కి అసలు వెళ్లలేదు. సబ్జెక్టు పోయింది.

ఇంట్లో "పిల్ల చిక్కిపోయింది" అని గోల. ఊళ్లో డాక్టరు బలహీనత అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిచాడు. గుండె దడ అన్నానని ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ నార్మల్. పెద్దమ్మ పొన్నూరు ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. హాస్టల్లో ఒక సీనియర్ అక్క ప్రొప్రనొలాల్ బిళ్ల చేతిలో పెట్టి "సెమినార్‌కి గంట ముందు వేసుకో, వణుకు ఉండదు" అంది. అది నిజమే, గుండె వేగాన్నీ చేతుల వణుకునీ అది తగ్గిస్తుంది. కానీ నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం, ఆ మందు మాలాంటివాళ్లకి పనికిరాదు. ఫార్మసీ చదువు నాకు అక్కరకొచ్చిన మొదటి సందర్భం అదే అనుకుంటా, బిళ్ల తిరిగిచ్చేశాను.

సైకియాట్రిస్టు దగ్గరికి నన్ను నా రూమ్మేట్ లాక్కెళ్లింది. నాన్నకి చెబితే "పిల్ల సిగ్గుపడుతుంటే పిచ్చి డాక్టరేంటి?" అన్నారు. అమ్మకి పెళ్లి సంబంధాల బెంగ. ఇద్దరి మీదా నాకు కోపం లేదు. వాళ్లు చూసిన మనోవ్యాధి అంటే వీధుల్లో తిరిగే మనిషే మరి.

డాక్టరుగారు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. లీబోవిట్జ్ స్కేల్ అంటారు. 24 సందర్భాలు ఉంటాయి. ఒక్కోదానికి ఎంత భయం, ఎంత తప్పించుకుంటావు అని 0 నుంచి 3 దాకా అంకె వెయ్యాలి, మొత్తం 144. నలుగురిలో ఫోన్ మాట్లాడటం, నలుగురిలో తినడం, ఎవరో చూస్తుండగా పని చెయ్యడం, కొన్న వస్తువు షాపులో తిరిగివ్వడం... చదువుతుంటే ఒళ్లు జలదరించింది. 1987లోనే ఎవరో అమెరికాలో కూర్చుని గుంటూరు హాస్టల్లో నా బతుకు రాసిపెట్టారు. నాకొచ్చిన మొత్తం వంద దాటింది.

ఎస్సిటలోప్రామ్ అని, ఆందోళన తగ్గించే మాత్ర రాశారు. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉంటుందని, పాతికేళ్ల లోపు వాళ్లలో చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయేమో మొదటి వారాల్లో గమనించాలని మేం పాఠంలో చదువుకున్నదే. ఆయన కూడా అదే అడిగి, అదే చెప్పారు. వికారం వచ్చింది, పోయింది. నెల దాటాక దడ కొంచెం సర్దుకుంది. "ఇది నేలని చదును చేస్తుంది, నడవాల్సింది నువ్వే" అని క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపారు.

నాకు చేసింది సీబీటీలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యంలో, సోషల్ యాంగ్జైటీ కోసమే తయారైన పద్ధతి. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు 1995లో రాసిన నమూనా దానికి ఆధారం. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 14 సెషన్ల దాకా, ఒక్కోటి 90 నిమిషాలు చెయ్యాలి. మన దగ్గర బయట అంత మంది కూర్చుని ఉంటే 90 నిమిషాలు ఎవరిస్తారు? నాకు ముప్పావు గంట దొరికేది. మిగతాది హోంవర్క్.

వెళ్లే ముందు నేను అనుకున్నది, ధైర్యం నూరిపోస్తారని. మేడమ్ ధైర్యం మాటే ఎత్తలేదు. "భయం బయటికి కనపడకుండా నువ్వు ఏమేం చేస్తావో చెప్పు" అన్నారు. రాస్తుంటే పేజీ నిండిపోయింది. చెమట కనబడకుండా ముదురు రంగు కుర్తీలు. చెయ్యి వణక్కుండా చున్నీ. అనబోయే వాక్యాన్ని మనసులో ముందే పదిసార్లు అనుకోవడం. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకపోవడం. ఒక్క ముక్కలో జవాబిచ్చి ముగించెయ్యడం. "ఇవి లేకపోతే ఏమవుతుంది?" అంటే పరువు పోతుంది అన్నాను. "సరే, చూద్దాం" అన్నారు.

ఇంకో విభాగంలో ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయిని పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టారు. మొదట ఐదు నిమిషాలు నా జాగ్రత్తలన్నీ పాటిస్తూ మాట్లాడాలి. తర్వాత ఐదు నిమిషాలు చున్నీ వదిలేసి, నా గొంతు ఎలా ఉందో చూసుకోవడం మానేసి, ఆ అమ్మాయి చెప్పేది వినాలి. రెండూ ఫోన్‌లో వీడియో తీశారు. వీడియో చూపించే ముందు "నీ వణుకు వందకి ఎంత కనబడి ఉంటుంది?" అని అడిగారు. తొంభై అన్నాను.

వీడియోలో వణుకు కనబడలేదు. కానీ మొదటి వీడియోలో నేను భయపడుతున్నట్టే లేను, ఎదుటి మనిషంటే లెక్కలేనట్టు ఉన్నాను. చూపు ఎటో, జవాబు "ఊ", "అవును". నాకే కొట్టాలనిపించింది. క్లాసులో కొంతమంది నన్ను "దానికి హెడ్‌వెయిట్" అనుకుంటున్నారని రూమ్మేట్ ఎప్పుడో చెప్పింది. నేను నమ్మలేదు. పరువు కాపాడుకోవడానికని ఇన్నేళ్లూ నేను పడ్డ పాట్లే నా పరువు తీస్తున్నాయన్నమాట. రెండో వీడియోలో మాట తడబడింది, ఒకచోట గొంతు జీరబోయింది కూడా, కానీ చూడ్డానికి మామూలు అమ్మాయిలా ఉన్నాను.

ఆ వారం హోంవర్క్ ఒక చిన్న సర్వే. రూమ్మేట్ సాయంతో హాస్టల్లో చీటీలు పంచాం: ఎదుటివాళ్ల చెయ్యి వణుకుతుంటే మీరు ఏమనుకుంటారు? "టిఫిన్ చెయ్యలేదేమో", "చలేమో", "మా తాతయ్యకీ అంతే", "నేను గమనించను". ఒకమ్మాయి అయితే "ఏం అనుకోవాలి?" అని తిరిగి ప్రశ్న వేసింది. మేడమ్ అప్పుడే కోర్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2000లో ప్రచురించిన ప్రయోగం చెప్పారు. ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వేసుకోవడానికి నామోషీగా ఉండే టీషర్టుతో విద్యార్థిని గదిలోకి పంపి, ఎంతమంది గమనించి ఉంటారని అడిగారట. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది పావు వంతు.

తర్వాత వీధి ప్రయోగాలు. షేర్ ఆటోలో అందరికీ వినబడేలా "ఆపండి" అనాలి. అన్నాను. ఆపాడు. అంతే. ఇన్నేళ్ల ఎండ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఇంకో వారం, చీరల షాపుకి వెళ్లి ఐదారు చీరలు విప్పించి, ఏదీ కొనకుండా థాంక్స్ చెప్పి వచ్చెయ్యాలి. రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అమ్మకి ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. ఆవిడ ప్రతి పండక్కీ చీరల షాపులో మామూలుగా చేసే పనే నాకు వైద్యం.

నాకు అన్నిటికంటే కష్టమైంది రాత్రుళ్లు. పగలు ఎవరితో మాట్లాడినా రాత్రి పడుకున్నాక దాని పోస్ట్‌మార్టం మొదలయ్యేది: అక్కడ అలా అన్నానేంటి, ఆవిడ మొహం అలా పెట్టిందేంటి. భయాన్ని మర్నాటికి పెంచేది ఆ నెమరువేతేనని మేడమ్ చెప్పారు. ఆలోచన ఆపడం చేతకాదు కానీ, దాన్ని విచారణకి పిలవడం మానెయ్యొచ్చు. మొదలైనప్పుడు "ఇది పోస్ట్‌మార్టం" అని గుర్తుపట్టి, లేచి ఏదో ఒక పని చేసుకునేదాన్ని. చాలా రాత్రులు అది కూడా పనిచెయ్యలేదు.

సప్లిమెంటరీ వైవాలో గొంతు వణికింది. వణకనిచ్చాను. ఒక ప్రశ్నకి జవాబు రాలేదు, "తెలియదు సార్" అన్నాను. ఆ రెండు ముక్కలు పైకి అనడం నాకు అదే మొదటిసారి. తర్వాతి ప్రశ్నకి వెళ్లారాయన. పాసయ్యాను.

మాత్రలు డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించి ఆపేశాం. ఇప్పుడు హైదరాబాద్‌లో మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే ఉద్యోగం. ఇంటర్వ్యూల సీజన్లో జబ్బు మళ్లీ తలెత్తింది, మళ్లీ మేడమ్ దగ్గరికి కొన్ని సెషన్లు వెళ్లాను. మీటింగ్‌లో కెమెరా ఆన్ చెయ్యమంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది, అయినా ఆన్ చేస్తాను. పెళ్లిళ్లకి వెళ్తున్నాను గానీ, అందరి మధ్యా అక్షింతలు వెయ్యడానికి స్టేజి ఎక్కడమంటే ఇంకా పెద్ద పనే. అత్తయ్యలు ఇప్పుడు "హైదరాబాద్ వెళ్లాక పిల్లకి నోరొచ్చింది" అంటున్నారు. ఇది మెచ్చుకోలు కాదు లెండి.

ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే ఒక మాట. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు తెలుగులోనే, డబ్బులు లేకుండా మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉంది. కానీ ఫోన్ చెయ్యడమే మన జబ్బు కదా! అలాంటప్పుడు చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని ఓపీకి వెళ్లండి, వీలైతే ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుని. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. చీటీ కౌంటర్లో విభాగం పేరు చెబితే చాలు, ఎందుకొచ్చారో అక్కడ వివరించక్కర్లేదు. లోపల డాక్టరుకి ఆ కాగితం ఇవ్వండి. నేనూ మొదటిరోజు అలాగే ఇచ్చాను, ఆయన చదువుకుని మిగతావి అడిగారు.