రిమోట్‌కు దొరకని రేసు

మొదటిసారి ఫార్ములా వన్ చూసింది 2005 జూన్‌లో, రాజమండ్రిలోని మా ఇంటి హాల్లో. రాత్రి పదకొండున్నర దాటింది. నాన్న రిమోట్ నొక్కుకుంటూ పోతుంటే ఒకచోట ఆరే ఆరు కార్లు తిరుగుతూ కనిపించాయి. అది ఇండియానాపోలిస్ రేసు. టైర్ల గొడవతో మిగిలిన పద్నాలుగు కార్లూ ముందే తప్పుకున్నాయని మాకు తెలియదు. ఆరింటిలో ఒకదాన్ని నడుపుతున్నది మన నరేన్ కార్తికేయన్ అని తెలిసి చివరిదాకా కదల్లేదు. నాలుగో స్థానంలో వచ్చాడు. ఆనాటి నుంచి ఆదివారం రేసు మా ఇద్దరిదీ.

2023 మార్చిలో బహ్రెయిన్ రేసు రోజున హైదరాబాద్‌లో ఉన్న నాకు నాన్న ఫోన్ చేశారు. "ఛానెళ్ళన్నీ రెండుసార్లు తిప్పాను, ఎక్కడా రావడం లేదేమిట్రా?" నాకు మనసు చివుక్కుమంది. మన దేశంలో టీవీ ఒప్పందం 2022తో ముగిసింది. ఫార్ములా వన్ వాళ్ళు 2018లో మొదలుపెట్టిన తమ సొంత ఆన్‌లైన్ సేవ ఎఫ్1 టీవీని ఇక్కడికి తెచ్చారు. చందా కట్టిన వాళ్ళకే రేసు.

నేను వెంటనే కట్టాను. కట్టిన డబ్బుకు అంతకంత దక్కింది. కారు కెమెరాలతో అప్పటి ఇరవై మంది డ్రైవర్లలో ఎవరి కారెక్కి కూర్చోవాలన్నా కూర్చోగలిగాను. వాళ్ళు ఇంజనీరుతో మాట్లాడే మాటలు వినగలిగాను. ప్రకటనలు లేవు. ఏ టీవీ ఛానెలూ నాకు ఇంత ఇవ్వలేదు. కానీ ఇదంతా రేసంటే ముందే ప్రాణం పెట్టే నాలాంటి వాడికి. వెతకనివాడికి అనుకోకుండా దొరికే దారి మూసుకుపోయింది. ఆ రాత్రి కూడా యాప్‌లోనే ఉండి ఉంటే నాన్నా నేనూ ఆ ఆరు కార్లను చూసేవాళ్ళమే కాదు.

నవంబరులో బ్రెజిల్ రేసుకు ఇంటికి వెళ్ళి, ల్యాప్‌టాప్‌ను హాల్లో టీవీకి తగిలించాను. నాన్న అభిమానం డ్రైవర్ అలోన్సో మీద. మేము చూడటం మొదలుపెట్టిన 2005లోనే అతను తొలిసారి ఛాంపియన్ అయ్యాడు. ఆ బ్రెజిల్ రేసు నాటికి నలభై రెండేళ్ళు. టీవీలో రేసు నడుస్తుంటే, ఫోనులో అలోన్సో కారు కెమెరా పెట్టి నాన్న చేతికిచ్చాను. మూడో స్థానంలో ఉన్న అతన్ని చివరి ల్యాపుకు (చుట్టుకు) ముందు ల్యాపులో మరో డ్రైవర్ పెరెజ్ దాటేశాడు. "అయిపోయింది" అని నాన్న కళ్ళజోడు తీసేశారు. చివరి ల్యాపు నాలుగో మలుపులో అలోన్సో మళ్ళీ ముందుకొచ్చాడు. ముగింపు గీత దగ్గర తేడా 0.053 సెకన్లు. నాన్న అరిచిన అరుపుకు లోపల నిద్రపోతున్న అక్క కొడుకు లేచి వచ్చి, ఆయన ఒళ్ళో కూర్చున్నాడు. "ఏ కారు మనది తాతయ్యా?"

"ఆకుపచ్చది."

2024లో హక్కులు ఫ్యాన్‌కోడ్‌కు వెళ్ళాయి. అదీ యాపే. నాన్న రిమోట్‌కు అదీ అందలేదు. కానీ అంతకు ముందే, 2023లో ఆ బ్రెజిల్ రేసు మర్నాడే, నేను టీవీకి తగిలించే కేబుల్ ఇంట్లో వదిలేసి, అక్క చేత కూడా చందా కట్టించి వచ్చాను. రెండు వారాలకు, నవంబరు 19న, ఊరంతా క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ కోసం ఎదురుచూస్తున్న పూట, లాస్ వేగాస్ రేసు మొదలైన కాసేపటికి ఫోను మోగింది. మేనల్లుడు.

"మామయ్యా, మన కారు మొదటి మలుపులోనే ఎందుకు గిర్రున తిరిగిపోయింది?"