పడ్డాడని రాయమంటారా?

మా నాలుగేళ్ళవాడికి మత్తు ఇచ్చి పుచ్చిపళ్ళకు వైద్యం చేయించి నిన్ననే ఇంటికి తెచ్చాం. వైద్యం సాఫీగానే సాగింది. పరువు పోయింది బిల్లు దగ్గర.

పై పళ్ళ మొదళ్ళలో తెల్లటి చారలు కనిపించగానే మా వీధిలోని డాక్టరుకు చూపించాం. "పాలపళ్ళే కదా, అవే ఊడిపోతాయి" అని పంపేశాడు. అప్పుడే ఫ్లోరైడ్ పూత పూసి ఉంటే పుచ్చు అక్కడితో ఆగే అవకాశం ఉండేదని పిల్లల పళ్ళ డాక్టరమ్మ తర్వాత చెప్పారు. దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలట. ముందే పోతే పక్కపళ్ళు జరిగి, కొత్తవాటికి చోటుండదు. అందుకే స్టీలు తొడుగులు వేశారు. ఆపరేషన్‌కు ముందు ఆరు గంటలు వాడికి పాలు కూడా పట్టకుండా మా ఆవిడే ఓపిక పట్టింది.

ఇన్సూరెన్స్ కౌంటర్లో పొద్దున "వస్తుంది సార్" అన్న మనిషే సాయంత్రం, ప్రమాదమైతే తప్ప దంతవైద్యానికి మా పాలసీ వర్తించదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బాబు మెట్ల మీంచి పడ్డాడని రాయమంటారా?" అని అడిగాడు. పడితే పళ్ళు విరుగుతాయి కానీ పుచ్చుతాయా? పరీక్షల్లో కాపీ కొట్టవద్దని ఇరవై ఏళ్ళుగా చెబుతున్న లెక్కల మాస్టారిని, కుదరదన్నాను. వెంటనే గొంతు పెంచాడు: "చాక్లెట్లు కొనిపెట్టేటప్పుడే ఆలోచించాలి సార్!" వరుసలో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. మావాడు చాక్లెట్ ముట్టడు. ఆయాసానికి ఏడాదిపాటు రాత్రిపూట తాగిన తియ్యటి సిరప్పే అసలు కారణమని డాక్టరమ్మే అన్నారు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, ఆ తీపి పళ్ళకు అంటుకునే ఉంటుంది. ఇదంతా ఆ వరుసలో ఎవరికని చెప్పను? గాజులు తాకట్టు పెట్టి బిల్లు కట్టాం. అబద్ధం మాత్రం రాయలేదు.

మీరు మాత్రం నోటిమాట నమ్మకండి. వర్తిస్తుందని కాగితం మీద రాయించుకున్నాకే పిల్లవాణ్ణి చేర్పించండి. సిరప్పు తాగించాక నోరు కడిగించండి.

ఇప్పుడు ఇంట్లో ఇంకో పేచీ. మా అమ్మది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయినవాళ్ళను చూసిన మనిషి. ఫ్లోరైడ్ పేస్టు అనగానే ఒప్పుకోలేదు. అక్కడ ఏళ్ళ తరబడి నీళ్ళతో కడుపులోకి పోయింది, ఇది బఠాణీ గింజంత రాసి ఉమ్మేసేది అని డాక్టరమ్మ నచ్చజెప్పారు. మూడేళ్ళలోపు వాళ్ళకైతే బియ్యపు గింజంతే చాలట. సరేనంది కానీ, పేస్టు ట్యూబు తన పెట్టెలో దాచుకుని పూటపూటకూ తనే కొలిచి వేస్తోంది.