కూపర్స్‌టౌన్‌లో ఫస్ట్ బేస్ పంచాయితీ

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ల స్మారక మ్యూజియం) ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు రైలు లేదు. విమానంలో వచ్చేవాళ్లు ఆల్బనీలో దిగి కారు అద్దెకు తీసుకోవాలి. అక్కడి నుంచి 70 మైళ్లు, గంటన్నర ప్రయాణం. నేను వెళ్లింది మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు నుంచి, అంటే నాలుగు గంటల దారి. ఐ-88 మీద 17వ ఎగ్జిట్ తీసుకుని రూట్ 28 పట్టుకుంటే నేరుగా ఊళ్లోకి చేరతాం. రెండు వేల జనాభా కూడా లేని ఊరు కాబట్టి మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టడం దండగ. వేసవిలో అయితే ఊరి చివర ఉచిత పార్కింగ్‌లో బండి పెట్టి ట్రాలీ ఎక్కడమే నయం.

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1939 నుంచి ఇక్కడే ఉంది. ఫస్ట్ బేస్‌మన్‌లలో (బ్యాటర్ బంతి కొట్టి పరుగెత్తి చేరాల్సిన మొదటి బేస్ దగ్గర కాపు కాసే ఫీల్డర్లలో) ఎవరు గొప్పో తేల్చుకోవాలని వచ్చినవాళ్లు తలుపులు తీయగానే కింది అంతస్తులోని కంచు ఫలకాల గ్యాలరీకి వెళ్లాలి. పదకొండు దాటాక పిల్లల గుంపుల మధ్య ఫలకాల మీది అక్షరాలు చదవడం కష్టం. ఫలకాలు ఎంపికైన ఏడాది వరుసలో ఉంటాయి, ఆడిన స్థానం వరుసలో కాదు. కాబట్టి ముందే ఏడాదులు రాసుకుని వెళ్లాలి: గెరిగ్, సిస్లర్, ఆన్సన్ 1939, ఫాక్స్ 1951, గ్రీన్‌బర్గ్ 1956, బక్ లెనార్డ్ 1972, బ్యాగ్‌వెల్ 2017, హెల్టన్ 2024.

లూ గెరిగ్ ఫలకం దగ్గర ఆగి చదివితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడాడని, బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వాటా) .340 అని ఉంటుంది. ఫస్ట్ బేస్ దగ్గర బంతి ఎలా పట్టేవాడో ఒక్క ముక్క లేదు. తప్పు ఫలకానిది కాదు, ఆ స్థానం లెక్కలే అంత. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) విసిరిన బంతి బేస్ ముందు నేలకు కొట్టుకుని లేస్తే, దాన్ని మిట్‌తో (చేతి గ్లవ్‌తో) ఎత్తి పట్టినా, ఛాతీ ఎత్తులో సుఖంగా వచ్చిన బంతిని పట్టినా స్కోరు పుస్తకంలో పడేది ఒకే పుటౌట్ (అవుట్ చేసిన లెక్క). వదిలేస్తే ఎర్రర్ (ఫీల్డింగ్ తప్పు) చాలాసార్లు విసిరినవాడి ఖాతాలోకి పోతుంది. అందుకే ఫీల్డింగ్ శాతం (తప్పు లేకుండా ముగించిన అవకాశాల వాటా) చూస్తే మంచివాడూ మామూలువాడూ .990 చుట్టుపక్కలే కనిపిస్తారు. ఆ అంకెను నమ్మి ర్యాంకు వేయకూడదు.

కాబట్టి ముందు బ్యాటు, దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు మిట్. బ్యాటుకు ఓపీఎస్ ప్లస్ (ఎన్నిసార్లు బేస్ చేరాడో, ఎంత బలంగా కొట్టాడో కలిపిన అంకె) చూస్తే చాలు. ఆ ఏటి లీగ్ సగటును 100గా పెట్టుకుని, సొంత మైదానం వల్ల కలిసొచ్చింది తీసేసి చెప్పే అంకె అది. హెల్టన్ ఉదాహరణ చాలు: మైలు ఎత్తున ఉన్న డెన్వర్‌లో గాలి పలచన, బంతి దూరం పోతుంది. సొంత మైదానంలో .345 కొట్టినవాడు బయట .287. అవన్నీ సర్దితే 133. అదే బ్యాగ్‌వెల్ బ్యాటర్లకు కలిసిరాని ఆస్ట్రోడోమ్‌లో ఏళ్ల తరబడి ఆడి 149 తెచ్చుకున్నాడు, పైగా 202 బేస్‌లు దొంగిలించాడు (అంటే బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు). అతణ్ణి నాలుగో స్థానంలో పెడతాను.

మొదటి స్థానం గెరిగ్‌దే: 179. ఇందులో వాదనకు తావు లేదు. రెండో స్థానం దగ్గరే గొడవ. జిమ్మీ ఫాక్స్ 163, 534 హోమ్ రన్లు, మూడు ఎంవీపీలు (ఏటా అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే అవార్డు). ఆల్బర్ట్ పుహోల్స్ 144, 703 హోమ్ రన్లు, మూడు ఎంవీపీలు. అంకె చూస్తే ఫాక్స్ ముందుండాలి. కానీ సెయింట్ లూయిస్‌లో మొదటి 11 ఏళ్లు పుహోల్స్‌ది 170; తర్వాతి వయసు మళ్లిన పదేళ్లే సగటును కిందికి లాగాయి. రెండు గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్‌కు ఇచ్చే అవార్డులు) కూడా ఉన్నాయి. నా లెక్కలో పుహోల్స్ రెండు, ఫాక్స్ మూడు.

పుహోల్స్ లాగే గ్యాలరీలో లేని మరో పేరు కీత్ హెర్నాండెజ్. 128 మాత్రమే, కానీ వరసగా 11 గోల్డ్ గ్లవ్‌లు. ఎడమచేతి వాటం కావడం ఇక్కడ నిజంగా లాభం: మిట్ కుడిచేతికి ఉంటుంది కాబట్టి సెకండ్ బేస్ వైపు సందు మూసుకుపోతుంది, డబుల్ ప్లేకి (ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేయడానికి) ఒళ్లు తిప్పకుండానే విసరొచ్చు. బంట్ (బ్యాటర్ మెల్లగా తట్టిన బంతి) పడితే ముందుకు దూకి రన్నర్‌ను సెకండ్‌లోనే అవుట్ చేయించడం అతని విద్య. మొదటి పదిహేనులో చోటు ఇవ్వాలి.

బక్ లెనార్డ్‌కు మాత్రం నంబరు వేయలేదు. నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్‌లకు రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడిన నీగ్రో లీగ్‌లలో, హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకు 17 ఏళ్లు ఆడాడు. నీగ్రో లీగ్‌ల గణాంకాలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపింది 2024లో, అందులోనూ సీజన్లు చిన్నవి. నల్లజాతి ఆటగాళ్లతో ఆడనని 1880ల్లో మొండికేసిన ఆన్సన్ ఫలకానికీ లెనార్డ్ ఫలకానికీ మధ్య 33 ఏళ్ల గోడ ఉంది. లెనార్డ్ గురించి ఇంకా తవ్వాలంటే అదే ఆవరణలోని పరిశోధన గ్రంథాలయంలో పత్రికా కత్తిరింపుల ఫైళ్లు అడగాలి. దానికి ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

పుహోల్స్ చివరి సీజన్ 2022. ఐదేళ్ల విరామం నిబంధన ప్రకారం 2028 ఓటింగ్‌కు అర్హుడవుతాడు. ఆ జులైలో వెళ్లదలిస్తే, ప్రవేశోత్సవం వారాంతంలో ఊళ్లో గదులు దొరకవు. ఒనియోంటాలోనో ఆల్బనీలోనో ముందే చూసుకోవాలి.