తమ్ముడి బలపాలు

బలపాలు పోగొడుతున్నావని మా తమ్ముడికి రోజూ తిట్లు పడేవి. తింటున్నది నేను. 1996లో, నాకు పన్నెండేళ్లప్పటి సంగతి. బలపాన్ని కాస్త తడిపితే వచ్చే ఆ మట్టి వాసనకి నోరూరిపోయేది.

ఆ ఏడాది మేడ మెట్లెక్కితే గుండె దడదడలాడేది. మధ్యాహ్నం క్లాసులో కునుకుపాట్లు. మాస్టారు బద్ధకమన్నారు. నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసింది (గుంటూరు పక్క ఊరు, మిరపకాయలకి కరువా!). మొహం పాలిపోతే కామెర్లని పసరు తాగించి, పది రోజులు ఉప్పులేని చప్పిడి తిండి పెట్టారు. ఆ కోపం నాకింకా పోలేదు.

చివరికి నాన్న గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ నా కింది రెప్ప వేలితో లాగి చూసింది. గోళ్లు చూసింది. చెంచాల్లా గుంటపడి ఉన్నాయి.

"ఏం తింటావే, బలపాలా, మట్టా?"

నాన్న నా వైపు తిరిగాడు. నేను నేల చూపులు చూశాను.

రక్తంలో హిమోగ్లోబిన్ 6.4 ఉంది. రక్తం తగ్గితే అలా మట్టీ, బలపాలూ తినాలనిపిస్తుందట. ఆ వయసుకి 12కి తగ్గకూడదట. మర్నాడు మలపరీక్ష. అగ్గిపెట్టెలో పెట్టి, కాగితం చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. "ఏందమ్మాయ్, అంత భద్రంగా పట్టుకున్నావ్, బంగారమా?" అంది పక్కావిడ. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకున్నాడు.

కొంకిపురుగులని తేలింది. సెలవుల్లో మిరప కోతకి చెప్పుల్లేకుండా వెళ్లేదాన్ని. ఊరంతా బయటికి వెళ్లేదీ ఆ గట్ల మీదకే. మట్టిలోని పిల్లపురుగులు పాదం చర్మంలోంచి దూరి, రక్తంలో ఊపిరితిత్తులకి చేరి, గొంతులోకొచ్చి, మింగితే పేగుల్లోకి వెళ్తాయట. అక్కడ కరిచి పట్టుకుని రక్తం తాగుతాయి. కాలి దురద అప్పుడు గుర్తొచ్చింది. వేళ్ల సందులు ఒరిశాయనుకుని అమ్మ పసుపు రాసేది.

వాటికి మందు ఒక్క ఆల్బెండజోల్ బిళ్ల, 400 మిల్లీగ్రాములు. నమిలి మింగడమే. ఇప్పుడు 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ ఏటా ఫిబ్రవరిలో నులిపురుగుల నిర్మూలన దినమని పరీక్షల్లేకుండానే అదే బిళ్ల (రెండేళ్లలోపు వాళ్లకి సగం) ఇస్తున్నారు. మా అమ్మాయి "నాకు పురుగుల్లేవు" అని అలిగింది. అగ్గిపెట్టె కథ చెప్తే మారుమాట్లాడకుండా నమిలింది.

పురుగులు పోయినా పోయిన రక్తం రావాలిగా. అది ఐరన్ టానిక్కు పని. పళ్లు నల్లబడ్డాయి. దొడ్డికెళ్తే నల్లగా అయ్యేసరికి అమ్మ హడలిపోయింది, అది మందు రంగేనని ఎవరూ చెప్పలేదు మరి. టీ మానేయమన్నారు, నిమ్మరసం తాగమన్నారు. నెలకి 8.5, మూడో నెలకి 11.8.

బలపాల యావ ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఓ సాయంత్రం తమ్ముడు పలక సంచి పట్టుకొచ్చి, గోరంత అరిగిపోయిన ముక్క చూపించాడు.

"అక్కా, వారం నుంచీ ఇదొక్కటే!"