గండికోటలో ఒక అరుగు

నిన్న గండికోటకు పోయొచ్చాం. పెన్నా లోయ అంచున నిలబడితే ఎవరికైనా మాట రాదు, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. చాలామంది ఆ లోయ కోసం, జామియా మసీదు కోసం, మాధవరాయ గుడి కోసం వస్తారు. కోట గోడల లోపలే ఒక ఊరుందని, అక్కడ జనం కాపురాలు చేసుకుంటున్నారని పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

ఒక అవ్వ అరుగు మీద కూర్చుని చేటలో శెనక్కాయలు ఒలుస్తోంది. ఫొటో బాగా వస్తుందని ఫోన్ ఎత్తాను. ఆమె గబుక్కున ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అడిగి తీయగూడదా నాయనా, ఇది మా ఇల్లు గదా" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఫొటో డిలీట్ చేసి, "తప్పయింది అవ్వా" అన్నాను. "ఎండన బడి వచ్చినారు, కూచోండి" అని చెంబుతో నీళ్లిచ్చి, నా దోసిట్లో గుప్పెడు కాయలు పోసింది. ఆదివారాలు వచ్చినోళ్లు రాళ్ల మీద సీసాలు పగలగొట్టి పోతారంట, మేకల కాళ్లు తెగుతున్నాయంట.

తిరిగొచ్చేటప్పుడు కనబడిన గాజుపెంకులన్నీ ఏరి, సంచిలో వేసుకుని జమ్మలమడుగు దాకా తెచ్చాం. దారంతా అవ్వ ఇచ్చిన కాయలే తిన్నాం.