క్యాలెండరు వెనక పదకొండు పేర్లు

కాలిన మోటారుని మూత విప్పకముందే గుర్తుపడతాను. కందుకూరులో మాది మోటారు వైండింగ్ షాపు, 18 ఏళ్లుగా నాకు ఇదే పని. రాగి తీగ మీద వార్నిష్ మాడితే ఒక ఘాటు వాసన వస్తుంది, గొంతులో పట్టుకుంటుంది. రైతు ఆటోలోంచి మోటారు దించుతుండగానే "వైండింగ్ పోయిందన్నా" అని చెప్పేసేవాణ్ని. 2021 మే 13, గురువారం పొద్దున ఒక బత్తాయి రైతు 5 హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు మోటారు తెచ్చాడు. మూత విప్పితే కాయిళ్లు బొగ్గులా ఉన్నాయి. వాసన మాత్రం రాలేదు. కాయిళ్లుండే స్టేటర్‌లోకి ముఖం పెట్టి గట్టిగా పీల్చాను. పక్కనున్న వార్నిష్ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. అదీ తెలియలేదు.

ముందురోజు సాయంత్రం నుంచి ఒళ్లు నొప్పులుగానే ఉంది. ఎండకు తిరిగినందుకు అనుకున్నాను. గడ్డం కిందున్న మాస్కు పైకి లాక్కుని, "అన్నా, నువ్వు కాస్త వెనక్కి జరుగు. నాకు వాసన తెలవడం లేదు" అన్నాను. అప్పటికి ఆ మాటకి అర్థం కరోనా అని అందరికీ తెలుసు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, మోటారు అక్కడే వదిలి, "జాగ్రత్తయ్యా" అని వెళ్లిపోయాడు.

మా అక్క నెల్లూరులో స్టాఫ్ నర్సు. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి. దీన్ని మహమ్మారి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది అంతకు ముందురోజే. ఆ వారం నుంచి అక్క రోజూ సాయంత్రం ఏడుగంటలకి ఇంటికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. పండగలకి వచ్చి పోయే మనిషి ఏడాది పాటు గొంతుగానే ఇంట్లో ఉండింది. ఆ మొదటి ఏడాది మేం కరివేపాకు కూడా ఉప్పునీళ్లలో కడిగాం, నోట్లు ఎండలో ఆరబెట్టాం. ఇంట్లో ఎవరికీ రాలేదు. కడుక్కున్నందుకే రాలేదని గట్టిగా నమ్మాం.

గురువారం సాయంత్రం ఏడుకి ఫోన్ రాగానే చెప్పాను. అక్క భయపడలేదు, కంగారు పెట్టలేదు. లెక్క మొదలుపెట్టింది.

"ఒళ్లు నొప్పులు ఎప్పుడు మొదలైనాయిరా?"

"నిన్న సాయంత్రం."

"అయితే సోమవారం నుంచి నీ దగ్గర్నుంచి అంటుతా ఉండొచ్చు. నలత బయటపడే దానికి ముందు రెండు రోజులు కూడా లెక్కలోకి తీసుకోవాల. సోమవారం నుంచి ఈ రోజు దాకా నీతోపాటు ఒకే గదిలో పావుగంట కూర్చున్నోళ్ల పేర్లన్నీ రాయి. రోడ్డు మీద పలకరించి పోయినోళ్లు వద్దు."

నేను ఒక్కసారి కూడా దగ్గలేదన్నాను. "దగ్గితేనే అంటుతుందని ఎవరు చెప్పారు?" అంది.

మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకానే షాపులు. తోటకి నీళ్లు ఆగిపోయిన రైతు పన్నెండు దాటిందని ఊరుకోలేడు కదా. అందుకని పన్నెండుకి షట్టర్ ముక్కాలు వంతు దించి, లోపల లైటు వేసుకుని పని చేసేవాళ్లం. పది బై పన్నెండు అడుగుల గది. నేనూ, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడూ, మోటారు కోసం ఎదురుచూసే ఇద్దరు ముగ్గురు రైతులూ. ఒక టేబుల్ ఫ్యాను, ఉన్న గాలినే తిప్పి తిప్పి కొడుతూ. ఉక్కకి అందరి మాస్కులూ గడ్డం కిందే. ఆ గది గురించి అక్కకి చెప్తుంటే అవతల కాసేపు మాట లేదు.

"నాయన వసారాలో చుట్ట కాలిస్తే మనకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"వానాకాలం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని కాలిస్తే?"

వంటింట్లోకి కూడా వచ్చేది. నాయన లేచి పొలం పోయినా గంటసేపు ఆ గది వదిలేది కాదు. అమ్మ తలుపులన్నీ బార్లా తీసి తిట్టుకుంటూ ఉండేది.

"ఇదీ అంతే. మనిషి మాట్లాడినా, ఊపిరి వదిలినా సన్నటి తుంపర వస్తుంది. లావు తుంపర కొద్ది అడుగుల్లోనే కింద పడిపోతుంది. కంటికి కనపడనిది చుట్ట పొగ లాగా గదిలో తేలతా ఉంటుంది. షట్టర్ దించుకుంటే యాడికి పోతుంది? నువ్వు చేతులు కడుక్కున్నా, దూరంగా కూర్చున్నా, ఆ గదిలో అందరూ ఒకే పొగ పీల్చినట్టే."

గాలి ద్వారా వ్యాపిస్తుందన్న సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా రాసింది 2021 ఏప్రిల్ చివర్లోనేనని అక్క తర్వాత చెప్పింది. ఏడాదిపాటు మేం కరివేపాకు కడిగాం. షట్టర్ ఎత్తి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

క్యాలెండరులో ఏప్రిల్ కాగితం చింపి వెనక రాశాను. పదకొండు పేర్లు. ఇంట్లోవాళ్లు కాకుండా.

ఫోన్ చేయడం అంత తేలిక కాదు. 2020లో మా వీధిలో ఒక ఇంటికి అడ్డంగా కర్రలు కట్టారు. వాళ్లు కోలుకుని వచ్చాక కూడా పాలవాడు ఆ గడప దాకా పోలేదు. చెబితే షాపు పేరు పోతుంది, సీజను పోతుంది అని మనసులో లేకపోలేదు. అయినా ఆ రాత్రి ఎనిమిది మందికి చేశాను. ఒకాయన తిట్టాడు. ఒకాయన "నాకూ పొద్దున్నుంచి వెచ్చగా ఉందయ్యా, ఎవరికి చెప్పాలో తెలీక కూర్చున్నా" అన్నాడు. కుర్రాడి వాళ్ల అమ్మ ఏడ్చింది. శుక్రవారం పొద్దున ఇంకో ఇద్దరికి చెప్పాను.

పదకొండో పేరు నా స్నేహితుడిది. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్లం. మంగళవారం మధ్యాహ్నం షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చి రెండు గంటలు కూర్చుని టీ తాగి వెళ్లాడు. వాడికి షుగరు. చెబితే హడలిపోతాడు. శుక్రవారం పొద్దున టెస్టు ఇచ్చి వచ్చాను, రిపోర్టు వచ్చాక చెబుదాం అనుకున్నాను. నెగటివ్ రావాలని ఆశ. రిపోర్టు మూడు రోజులకి గానీ రాలేదు. శనివారం పొద్దున అక్క "అందరికీ చెప్పినావా?" అని అడిగితే నసిగాను. అది అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "రిపోర్టు నీకోసంరా. ఎదుటోడికి చెప్పడానికి అనుమానం చాలు!"

వెంటనే చేశాను. వాడు పామూరు దగ్గర అత్తగారింట్లో ఉన్నాడు. శుక్రవారమే వెళ్లాడట. "రాత్రి కూలర్ ఒక్కటే ఉందని అందరం ఒకే గదిలో పడుకున్నాంరా" అన్నాడు.

నా జబ్బు సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. మేడ మీద రేకుల గదిలో పద్నాలుగు రోజులు ఉన్నాను. ఐదు రోజులు జ్వరం, ఆక్సిజన్ 95 కంటే తగ్గలేదు. రోజుకి రెండుసార్లు ఆరు నిమిషాలు నడిచి, వేలికి ఆక్సీమీటరు పెట్టి, అంకె అక్కకి చెప్పేవాణ్ని. బోర్లా పడుకోమంటే పడుకున్నాను. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగం కూడా గాలికి తెరుచుకుంటుందని చెప్పింది. మూడోరోజు జ్వరం 102 ఉన్నప్పుడు తెలిసినాయన ఒకాయన ఇంజక్షన్ వేస్తానని వచ్చాడు, ఒక్క డోసుతో లేచి కూర్చుంటావన్నాడు. ఫోన్‌లో పేరు చదివి వినిపిస్తే అక్క వద్దంది. అది స్టెరాయిడ్. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన వాళ్లకి ప్రాణం నిలబెడుతుందని 2020లోనే ఇంగ్లండులో పెద్ద పరీక్ష చేసి తేల్చారు, ఆక్సిజన్ అక్కర్లేని వాళ్లకి మేలు చేయదని కూడా అందులోనే తేలింది. మే నెలలో స్టెరాయిడ్ల వల్ల షుగరు పెరిగి, బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్లు పోగొట్టుకున్న వాళ్ల వార్తలు చదివినప్పుడల్లా ఆ రోజు ఫోన్ చేయకుండా చెయ్యి చాపి ఉంటే ఏమయ్యేదో అనుకుంటాను.

అమ్మకి 17న జ్వరం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం, అంటే నాకు ఒళ్లు నొప్పులు మొదలుకాక ముందు, అమ్మ నా పక్కన కూర్చుని గోంగూర ఒలిచింది. మలకొండ నరసింహస్వామికి శనివారం వెళ్లాలని, కర్ఫ్యూలో ఎట్టా పోవడమని మాట్లాడుతూ ఉంది. ఆ గోంగూర కట్ట, చాటలో ఆకులు, నేను నవ్వుతూ జవాబివ్వడం, అంతా కళ్లకు కట్టినట్టు ఉంది. అమ్మకి నావల్లే వచ్చింది. తెలియక జరిగింది. ఆ రెండో మాట మొదటిదాన్ని తీసేయలేదు.

మే 21న కృష్ణపట్నంలో కరోనాకి ఇచ్చే నాటుమందు కోసం వేలమంది పోగయ్యారు. నాయన కూడా అమ్మ కోసం బయలుదేరాడు, చొక్కా కూడా వేసుకున్నాడు. మేడ మీద నుంచి నేను, ఫోన్‌లో అక్క, ఇద్దరం బతిమాలి ఆపాం. ఆ మందు గుణం గురించి మాట్లాడే చదువు నాకు లేదు. అంతమంది భుజం భుజం ఆనుకుని నిలబడ్డ చోటికి, ఇంట్లో జబ్బు ఉన్న మనిషి వెళ్తే ఏమవుతుందో మాత్రం ఆ వారంలో నేర్చుకున్నాను. ఆ రోజే అక్కడ పంపిణీ ఆపేశారు.

25న అమ్మ ఆక్సిజన్ 90కి దిగింది. 108లో ఒంగోలు తీసుకెళ్లారు. వార్డులోకి మనుషుల్ని రానివ్వలేదు. అమ్మ చేతిలో పాత బటన్ల ఫోను ఒకటి. చార్జింగ్ నాలుగు రోజులు వస్తుందని అదే పెట్టి పంపాం. మాట్లాడితే ఆయాసం. మొదటి రాత్రి ఫోన్ చేసి, "నువ్వు మాట్లాడొద్దమ్మా, ఊరికే లైన్ పెట్టి ఉంచు" అన్నాను. ఫోను వంటింట్లో గూట్లో పెట్టాం. మా ఆవిడ పోపు వేస్తే చిటపటలు, కుక్కర్ విజిల్, పిల్లాడు ఎక్కాలు చదవడం, నాయన దగ్గు, అన్నీ అటు పోయేవి. అటు నుంచి ఆక్సిజన్ బుడబుడ శబ్దం వచ్చేది, నిద్రపోయిందో లేదో దాన్నిబట్టి ఊహించుకునేవాళ్లం. మూడోరోజు ఉదయం ఉన్నట్టుండి అమ్మ గొంతు: "పాలు పొంగుతుండాయి, చూసుకోండి."

నిజంగానే పొంగుతున్నాయి. మా ఆవిడ స్టవ్ కట్టేసి అక్కడే కూర్చుని ఏడ్చింది.

తొమ్మిది రోజులకి అమ్మ ఇంటికొచ్చింది. మెట్లు ఎక్కడానికి ఆగస్టు దాకా పట్టింది. నాకు వాసన అంతకంటే నెమ్మదిగా వచ్చింది. ముందు కాఫీ మాడినట్టు, సబ్బు కుళ్లినట్టు తెలిసేది. అదీ మంచికే, నరాలు మళ్లీ అతుక్కుంటున్నాయి అని అక్క ధైర్యం చెప్పింది. రోజూ లవంగాలు, నిమ్మతొక్క వాసన చూడమంది. సెప్టెంబరులో ఒకరోజు ఆటో ఇంకా ఆగకముందే "వైండింగ్ పోయింది" అన్నాను. కుర్రాడు నా ముఖం చూసి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ వాళ్ల అమ్మకీ స్వల్పంగా వచ్చి తగ్గింది. గురువారం రాత్రి ఫోన్ చేసిన వాళ్లలో ముగ్గురు ఆ రాత్రి నుంచే గది వేరు చేసుకున్నారు. ఆ మూడిళ్లలో ఇంకెవరికీ రాలేదు.

నా స్నేహితుడికి శుక్రవారం రాత్రే జ్వరం తగిలింది. వాడు కోలుకున్నాడు. వాళ్ల అత్తగారు జూన్ 1న పోయారు. నేను వెళ్లలేకపోయాను. ఫోన్ చేస్తే వాడు ఎత్తాడు, ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. లైన్ పెట్టి ఉంచాను, చాలాసేపు.

వాడికి నా షాపులోనే అంటిందో, పామూరు పోయే దారిలో అంటిందో చెప్పలేరని అక్క అంటుంది. నిజమే కావచ్చు. క్యాలెండరు కాగితం వైరు గేజు పెట్టుకునే సొరుగులో ఉంది. పది పేర్ల పక్కన టిక్కు, తేదీ. పదకొండోదాని పక్కన శనివారం అని రాసి ఉంది.

దసరాకి ముందు వాడు షాపుకి వచ్చాడు. షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది, వెనక గోడకి కొత్తగా కిటికీ పెట్టించాను, దాన్ని చూశాడు. బయట బల్ల మీద కూర్చున్నాడు. టీ తెప్పించాను. సగం తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ, "ఆ రాత్రే ఫోన్ చేసుంటే నేను పామూరు పోయేవాణ్ని కాదురా" అన్నాడు. గొంతులో కోపం లేదు. అవునన్నాను. మిగతా టీ తాగి, రేపు వస్తానని లేచాడు.